పొలిమేర దాటని విస్తరి

వండిన అన్నం ఊరి పొలిమేర దాటరాదన్న ఆజ్ఞను నేను మొదట డప్పు చప్పుడుతో విన్నాను. పొద్దు బారెడెక్కిన వేళ మా ఊరి కావలికారు వాడవాడకూ తిరిగి చాటాడు. సద్ది గాని, రొట్టె గాని, గటక గాని మూటగట్టి శివారు అవతలికి తీసుకుపోయినవారు అడవిలోని వారికి తిండి మోసినట్టే లెక్క అనీ, అట్టివారిని పట్టుకుపోతారనీ దాని సారాంశం. చాటడం ముగించి అతడు, నేను పిల్లలకు చదువు చెప్పుచున్న అరుగు మీద కూర్చుండి తన తువ్వాల మూట విప్పాడు. పక్క పల్లెలో కూడ అదే చాటింపు వేయవలసి ఉన్నది. "సాటినోణ్ణి నేనే, ముందుగాల దొరికేటోణ్ణి నేనే," అంటూ జొన్నరొట్టె అక్కడికక్కడే తినివేశాడు. మేమందరమూ నవ్వాము. ఆ మాట ఊరి మీద ఎంతకాలం నిలుస్తుందో ఆనాడు ఎవరమూ ఎరుగము.

అది నవాబు పాలన ముగిసి, సైన్యాధికారి ఏలుబడి సాగుతున్న కాలం. ధర్మపురికి ఎగువన, మెట్‌పల్లి బాట నుండి అడవి వైపు చీలిన దారిలో ఉంది ఆ ఊరు. ఆ అడవిలో తుపాకులు పట్టిన దళం ఒకటి తిరుగుతుండేది. వారి పక్షాన న్యాయమే లేదని నేను అనను. గడీలలో వెట్టిచేసి వెన్ను వంగినవారు అందులో ఎందరో ఉండిరి. అయితే పక్క ఊరి పట్వారీని, పోలీసులకు ఆచూకీ ఇచ్చాడన్న అనుమానం మీద, అతని వాకిటనే, భార్య చూస్తుండగా చంపినవారూ వారే. అతని అస్థులను గోదావరిలో కలిపిన దినాన నేను ఆ రేవులో ఉన్నాను. ఆ ఇల్లాలి ముఖం చూచినవాడెవడూ ప్రభుత్వం చేతులు ముడుచుకొని కూర్చోవాలని కోరడు. అందుచేత సాయుధ పోలీసులు వచ్చి ఊళ్ళో దిగినప్పుడు నేను ఊరట పొందాను. ఆ మాట దాచవలసిన పని లేదు.

వారు బడిలో కాంపు పెట్టారు. నల్లబల్ల మీద పహరా వంతులు రాసుకొన్నారు. నాకు, నా పిల్లలకు ఒక ముసలి సాలె తన అరుగు ఇచ్చాడు. అరుగు వెనుక గదిలో అతని గుంట మగ్గం ఉండేది. తండ్రి అలసినప్పుడు కొడుకు, కొడుకు బజారుకు పోయినప్పుడు తండ్రి అందులో దిగి నేసేవారు. పిల్లలు పద్యం వల్లిస్తుంటే లోపలి నుండి మగ్గం చప్పుడు తాళం వేసినట్టు వినిపించేది. ఎవడైనా పాదం మరచిపోతే ముసలివాడు బీడీ నోట పెట్టుకొనే, "పంతులు, నీ పిల్లల కంటె నా మగ్గమే సుద్దంగ పలుకుతది," అని ఎత్తిపొడిచేవాడు. అతనికి బీడీ ప్రాణం, యాటకూర ప్రాణం. ఆ రెండింటి విషయమై అతని భార్య రోజూ అతనిని సాధించేది. ఆ రెండింటినీ ఆమే సమకూర్చేది కూడా.

ఆజ్ఞ వచ్చిన తరువాత ఊరి నడకే మారిపోయింది. దున్నేవారు మధ్యాహ్నం అరకలు విప్పి అన్నానికి ఇంటికి వచ్చి, తిరిగి పొలం చేరేసరికి పొద్దు వాలేది. మందతో అడవి అంచున ఉండే గొల్లవారు మేకపాలు తాగి కాలం గడిపారు. పసిపిల్లలను చెట్టుకింద పడుకోబెట్టి నాట్లు వేసే తల్లులు, పిల్లల నోటికి పెట్టే గుప్పెడు బువ్వను కొంగున ముడివేసుకొని, పహరావాడు కనబడగానే తామే నోట వేసుకొనేవారు. సాలె ముసలివాడు దీనికంతటికీ ఒక మాట అన్నాడు. "ఆకలి అడివోళ్ళ దిక్కు పోయిందో లేదో తెల్వది గని, మన దిక్కైతె వచ్చింది."

ఆ వానాకాలం ముగియకముందే అతనికి జ్వరం తగిలింది. మగ్గం ఆగిపోయింది. పిల్లలు గొంతు తగ్గించి చదవసాగారు. ఒకనాటి ఉదయం ఆ జాగ్రత్త కూడ అనవసరమైంది; ముసలివాడు పోయాడు.

మా ప్రాంతాన మూడవనాడు పిట్టకు పెట్టడమన్న ఆచారం ఉంది. పోయినవారు బతికి ఉండగా ఏమేమి ఇష్టపడ్డారో అవన్నీ వండి, ఊరి బయట ఒక చోటు అలికి, విస్తళ్ళలో పెట్టి, దూరంగా జరిగి కూర్చుంటారు. కాకి వచ్చి ముడితే పోయినవారు తృప్తి పడ్డట్టు. ముట్టకుంటే ఏదో కోరిక మిగిలిందని అందరూ తర్జనభర్జన పడతారు. ఈ పని చేస్తాము, ఆ పని చేస్తాము అని గాలిలోకి మాట ఇస్తారు. ముట్టేవరకు ఇంటికి పోరు. కుటుంబం ఒక్కటే కాదు, బిడ్డలు, వియ్యాలవారు, పాలివారు ప్రతి ఇంటి నుండి తమ విస్తరి తాము తెస్తారు. తేనివాడు చనిపోయినవాని మీద పగ దాచుకొన్నట్టు.

ఆ తిండికి, కాంపు ఆజ్ఞకు సంబంధం ఉన్నదని ఆ ఇంట ఒక్కరికీ తోచలేదు. ఆజ్ఞ బతికినవారి తిండికి సంబంధించినది. ఇది బాపు తిండి, పోయిన తండ్రిది. బాపు తిండిని తీసుకుపోవడానికి ఎవరిని అనుమతి అడగాలి? ఊరి అధికారి అయిన పోలీసు పటేలు కూడ దారిలో వారిని చూచి, దండం పెట్టి పక్కకు తొలగాడే గాని ఆగుమనలేదు. నేను వారి వెనుకనే ఉన్నాను. నాకూ తోచలేదు. డప్పు కొడుతూ ముందు నడిచినవాడు ఆ ఆజ్ఞను చాటిన కావలికారే, అతనికీ తోచలేదు.

అడవి వైపు పోయే బాట పక్కన, మోదుగుచెట్ల నడుమ ఒక ఎత్తు ప్రదేశాన విస్తళ్ళు పరిచారు. యాటకూర, అన్నం, గారెలు, కల్లు ముంత, బీడీల కట్ట, అగ్గిపెట్టె. తరువాత మేమందరమూ తంగేడు పొదల చాటున కూర్చున్నాము. మనుషులు కనబడితే పిట్ట దిగదు. అప్పుడే అడవి నుండి తిరిగి వస్తున్న పోలీసు జట్టు ఆ ఎత్తు మీదికి వచ్చింది. వారికి కనిపించినది ఏమిటి? జనం లేని చోట పదిమందికి సరిపడే వేడివేడి భోజనం, కల్లు, బీడీలు. పొదల చాటున దాగి ఎదురుచూస్తున్న మనుషులు. ఒకడు బూటుకాలితో విస్తళ్ళను చిమ్మాడు. కొడుకు పరుగెత్తి వెళ్ళి బోర్లపడిన విస్తరిని చేతులతో పోగుచేయబోయాడు. సాక్ష్యం చెరుపుతున్నాడని అతనిని పట్టుకొని రెండు చేతులూ వెనుకకు కట్టారు.

కాంపు అధికారి నన్ను బడికి పిలిపించాడు. నేను పాఠం చెప్పే గదిలో, నా కుర్చీలో అతడు కూర్చుండి, నాకు పిల్లలు కూర్చునే పీట చూపించాడు. పిదప తానే నొచ్చుకొని తన సిపాయి చేత కుర్చీ తెప్పించాడు. సముద్రపు జిల్లాల నుండి వచ్చిన నడివయసు మనిషి. చదువరి. కాంపులో కూడ కావ్యం ఒకటి తలగడ కింద ఉంచుకొనేవాడు. నాతో సాయంకాలాలు పద్యాలు ముచ్చటించినవాడే.

"పంతులు గారూ, మీరు శాస్త్రం చదివినవారు. నిజం చెప్పండి. చచ్చిపోయినవాడు బీడీలు కాలుస్తాడా?"

"బతికినన్ని నాళ్ళు కాల్చిండు. ఆ సంగతి మరువలేదని చెప్పుకునుడే ఇది."

"మా వైపున పిండం పెడతాం. అన్నమూ నువ్వులూనూ. మాంసం, కల్లు ఏ శాస్త్రంలో ఉన్నాయి?"

"శాస్త్రంల లేవు. ఊర్ల ఉన్నయి."

కిటికీలో నుండి, తాటితో మూలస్తంభానికి కట్టి ఉన్న సాలె కొడుకు కనబడుతున్నాడు. ఒక విస్తరి అయితే నమ్మేవాడినని అధికారి అన్నాడు. ప్రతి ఇంటివారూ ఎందుకు తెస్తారో నేను వివరించాను. అతడు విన్నాడు, విననట్టు నటించలేదు.

"ఇతణ్ణి వదిలితే రేపటి నుంచి ప్రతి ఊళ్ళోనూ రోజుకొకడు చస్తాడు పంతులు గారూ. ఎవరూ చావకపోయినా చస్తాడు. పట్వారీ భార్యకు నేనేం జవాబు చెప్పను?"

నేనూ ఆ రేవులో నిలిచినవాడినే. అయితే ఆమె పేర ఇతనిని కట్టివేయడం ఆమెకు న్యాయం ఎట్లా అవుతుందని మాత్రం అడిగాను. అతడు లేచి గదిలో అటూ ఇటూ తిరిగాడు. చివరికి ఒక దారి తోచినట్టు, రేపు ఉదయం తన ఎదుట తిరిగి పెట్టమన్నాడు. పిట్ట ముడితే పిట్టకొరకే అని ఒప్పుకుంటానన్నాడు. అది దయతో అన్నమాట. దయలో కూడ ఎంత క్రూరత్వం ఉండగలదో నాకు ఆనాడు తెలిసింది.

ఉదయం అదే ఎత్తు మీద సాలె భార్య, ఆ ముసలామె, ఒక్క విస్తరి పెట్టింది. చుట్టూ తుపాకులు పట్టిన సిపాయిలు. కొడుకు చేతులు కట్టి నిలబెట్టారు, పారిపోతాడేమోనని తాటి కొస ఒకడు పట్టుకున్నాడు. కాకులు మోదుగుకొమ్మల మీద వాలాయి. ఒకటి కిందికి కూడ దిగింది. సిపాయి ఎవడో తుపాకి భుజం మార్చాడు, ఇనుము చప్పుడైంది, అన్నీ లేచిపోయాయి. ఎండ ముదిరింది. మేము ఏమేమి మొక్కుకోలేదు? బిడ్డ పెండ్లి చేస్తామన్నారు, మగ్గం ఆగనియ్యమన్నారు. ముసలామె మాత్రం ఆకాశంవైపు కాక అధికారి వైపు తిరిగింది.

"కొడుకు చేతులు కట్టేసి బువ్వ పెడితె ఎట్ల ముడుతడు సారు. జర ఆ తాడిప్పుండ్రి. ఆయిన వస్తడు."

అధికారి ఆ తాటి వైపు చూచాడు. అతని చెయ్యి కొంచెం కదిలిందని ఇప్పటికీ నాకు అనిపిస్తుంది. పక్కన సిపాయిలు నిలబడి అతనినే చూస్తున్నారు. అతడు చెయ్యి దించి, చేతిగడియారం చూచుకున్నాడు. "పక్షి సాక్ష్యాన్ని నేను పైకి రాయలేను పంతులు గారూ," అని నాతో మెల్లగా అన్నాడు. ఆ మధ్యాహ్నమే సాలె కొడుకును కరీంనగరుకు పంపించారు.

నేను అతనికొరకు కరీంనగరు వెళ్ళాను. ఒక వసారాలో పగలంతా నిలబడ్డాను. ఎవరిని కలవాలో చెప్పేవారు కూడ ఎవరిని కలవాలో తెలియనివారే. అతనిని వదిలినప్పుడు నా ప్రయత్నం వల్ల వదలలేదు; కొందరితో కలిపి ఒకనాడు బయటికి పొమ్మన్నారు, అంతే. ఎందుకు పట్టుకున్నదీ చెప్పలేదు, ఎందుకు విడిచినదీ చెప్పలేదు. తనను పెద్దగా కొట్టలేదని, రోజూ ఒకటే అడిగేవారని అతడు నాతో అన్నాడు: ఆ తిండి ఎవరు తిన్నారని. ఏమని చెప్పావని అడిగాను. "మా బాపు తినాలె, తినలే అన్న. రోజు గదే అన్న. వాళ్ళు రోజు నవ్విండ్రు."

ప్రభుత్వం పన్నిన ఉపాయం నిష్ఫలమైందని రాస్తే అసత్యమవుతుంది. ఆకలికి తాళలేక దళంలోనివారు ఒక్కొక్కరే బయటికి వచ్చి లొంగిపోయారు. పట్వారీ భార్య తన వాకిలి తలుపు తిరిగి తెరచి ఉంచసాగింది. ఆమెకు దక్కిన నెమ్మది నిజమైనది, దానిని తక్కువ చేసే హక్కు నాకు లేదు. కాని నేను చదువుకున్న రాజనీతిలో దండమన్నది తప్పుచేసినవానిని వెదకి తగిలేది. ఊరందరి ముద్దనూ ఆపి, అందులో తప్పుచేసినవాడు దొరుకుతాడులే అని కాచుకొనేది కాదు. ఇద్దరు స్త్రీల ముఖాలు నాకు పక్కపక్కనే కనిపించేవి. ఒకరి వైపు తిరిగితే రెండవ ముఖం వీపును పొడిచేది. చదివినదేదీ ఆ రెండింటినీ ఒక చోట కూర్చోబెట్టలేకపోయింది.

కాంపు ఎత్తివేశారు. బడి మాకు తిరిగి దక్కింది. నల్లబల్ల ఎంత కడిగినా పహరా వంతుల గీతలు లీలగా మిగిలాయి. సాలె ఇంట ముసలామె ప్రతి అమావాస్యకు ఇంటి పెంకుల మీద ఒక విస్తరి పెట్టేది, పిట్ట ముట్టక ఆకలితో పోయిన మగడు ఎప్పుడైనా వస్తాడేమోనని. ఆ ఊళ్ళో తరువాత జరిగిన చావులలో కూడ ఎవరూ విస్తరిని పొలిమేర దాటించలేదు. అందరూ పెంకుల మీదనే పెట్టారు.

నేను మందమర్రి గనుల వద్ద బడికి మారిపోయాను. రాజ్యం పేరు మారింది, జెండా మారింది, నా తల నెరిసింది. బొగ్గు ధూళిలో చదువు చెప్పుతూ కూడ, మధ్యాహ్నం గని కార్మికులు సద్దిడబ్బాలు చేతబట్టుకొని బాహాటంగా నడుస్తుంటే, ఎవరో ఆపుతారేమోనని నా కన్ను వారి వెంట పోతుండేది.

ముసలామె పోయిందని కబురు వస్తే వెళ్ళాను. మూడవనాటి పనికి వంట సాగుతున్నది. పెంకుల మీదికి నిచ్చెన వేస్తున్న యువకుని చూచి, పిట్టకు ఇంటి మీద ఎందుకు పెడతారని అడిగాను. అతడు జాలిగా నా వైపు చూచి, తమ ఊరి ఆచారం అదేనని, తాతల నాటి నుండి వస్తున్నదని వివరించాడు. తాతల నాటిది ఏదో అతనికి తెలియదు. నేను చెప్పబోతుండగా లోపలి నుండి సాలె కొడుకు వచ్చాడు. అతనికీ నడివయసు దాటింది.

"నిచ్చెన తీయుండ్రి," అన్నాడు. "అవ్వ జెప్పిపోయింది. బాపుకు పెట్టిన కాడనే పెట్టాల్నట."

ఇంట అందరూ ఒకరినొకరు చూచుకున్నారు. విస్తళ్ళు కట్టారు. డప్పు ముందు నడిచింది. పొలిమేర రాయి దగ్గరికి వచ్చేసరికి, తలమీద బువ్వగంపతో నడుస్తున్న కొడుకు ఆగిపోయాడు. కాలు లేవడం లేదు. వెనుకవాళ్ళు ఏమైందని అడిగారు. అతడు నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"పంతులు, ఎవలనన్న అడగాల్నా?"

అడిగేందుకు ఎవరూ లేరని, ఆ ఆజ్ఞ ఎన్నడో పోయిందని చెప్పాను.

"పెట్టిననాడు సాటింపేసి పెట్టిండ్రు గద. తీసేసినట్టు ఎవలన్న సాటిండ్రా?"

ఆలోచిస్తే నిజమే. వచ్చినప్పుడు వాడవాడకూ తిరిగి వచ్చిన ఆజ్ఞ, పోయేటప్పుడు ఎవరికీ చెప్పకుండ పోయింది. మా వెంట వచ్చిన సర్పంచి పడుచువాడు. సంగతి విని నవ్వాడు. "ఆ సర్కారే లేకపాయె. లేని ఆర్డరును నేనెట్ల తీసేయాలె పంతులు?" అన్నాడు. అతని తర్కంలో దోషం లేదు. అయినా గంప దిగలేదు, కాలు లేవలేదు.

అప్పుడు డప్పు ఆగింది. కొడుతున్నది ఆ పాత కావలికారే. ఇప్పుడు కన్ను సరిగా ఆనదు, మనుమడి భుజం పట్టుకొని నడుస్తున్నాడు. "ఆనాడు సాటింది నేనే. ఇయ్యాల గూడ నేనే సాటుత. అద్దనేటోడు ఉంటె రమ్మనుండ్రి," అన్నాడు. రాయి పక్కన నిలబడి, మునుపటి వరుసలోనే డప్పు కొట్టి, ఎవరి హుకుమూ లేకుండ గొంతెత్తాడు. సద్ది గాని, రొట్టె గాని, గటక గాని ఎవరికి కావలసినంత వారు శివారు దాటించుకోవచ్చునని, అడ్డు లేదని చాటాడు. చుట్టూ పొలాల్లో పని చేస్తున్నవారు వంగినవారు వంగినట్టే తల తిప్పి విన్నారు. పడుచువారు నవ్వారు. వయసు మళ్ళినవారెవరూ నవ్వలేదు.

సాలె కొడుకు పొలిమేర దాటాడు.

మోదుగుచెట్ల ఎత్తు అట్లాగే ఉంది. రెండు విస్తళ్ళు పరిచాడు. ఒకటి అవ్వది, అతని తల్లిది. రెండవదానిలో యాటకూర పెట్టి, దాని పక్కన బీడీల కట్ట విప్పి ఉంచాడు. మేము తంగేడు పొదల దగ్గరికి జరిగి కూర్చున్నాము. అక్కడి నుండి బడి కప్పు, దాని ముందరి బాట స్పష్టంగా కనబడుతాయి. సెలవు దినం కాబోలు, అక్కడ ఎవరూ లేరు.

"ముట్టింది, ముట్టింది," అన్నారు ఆడవాళ్ళు.

సాలె కొడుకు ఉలిక్కిపడి ఇటు తిరిగాడు. "ఏ ఇస్తారి ముట్టింది పంతులు? అవ్వదా, బాపుదా?"

నేను కూడ బడి వైపే చూస్తున్నాను.

"రెండిట్ల పొడిసిందట," అన్నాడు కావలికారు, మనుమడి మాట విని. "కండ్లు లేనోణ్ణి నాకే ఎరుకాయె. సూడాల్సినోళ్ళిద్దరు ఎటు సూస్తుండ్రో."

మేము చూచేసరికి పిట్ట లేదు. విస్తరి అంచున అన్నం చెదరి ఉంది; బీడీ ఒకటి కట్టకు దూరంగా దొర్లింది. సాలె కొడుకు దగ్గరికి వెళ్ళి, దానిని తాకకుండ, వంగి చాలసేపు చూచాడు. అందరూ స్నానానికి బయలుదేరారు. అతడు ఖాళీగంప చేతబట్టుకొని చివరగా లేచాడు. ఊరివైపు నడుస్తూ, పొలిమేర రాయి దగ్గర ఒకసారి, బడి ముందు ఒకసారి, గంపను బోర్లించి దులిపి, అందులో ఏమీ లేదని కనబడేటట్టు పట్టుకున్నాడు.